ద్రాక్షసారా సుంకంతో నడిచిన టంకశాల

ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ తన నాణేలను రాగిపాలు చేశాడు. నూటికి 92.5 పాళ్లు ఉండవలసిన వెండి, 1544 నుంచి ఏటేటా దిగజారుతూ అతని కొడుకు కాలంలో, 1551 నాటికి 25 పాళ్లకు చేరింది. కొత్త షిల్లింగు మీద రాజుగారి ముఖం ఎదురుగా చూస్తున్నట్టు ఉండేది. చేతులు మారేకొద్దీ ముందుగా అరిగేది ఎత్తుగా ఉన్న ముక్కే. పైన వెండిపూత పోయి లోపలి రాగి బయటపడేది. జనం ఆయనకు రాగిముక్కు దొర అని పేరు పెట్టేశారు. ఆ ఏడేళ్లలో ఖజానాకు మిగిలింది 12 లక్షల పౌండ్లకు పైమాటేనని చరిత్రకారుల లెక్క. నూటయాభై ఏళ్ల తర్వాత, ఫ్రాన్సుతో పెద్ద యుద్ధం నడుస్తుండగా, లండన్ టవర్‌లోని అదే టంకశాల దేశంలోని పాత వెండి నాణేలన్నిటినీ కరిగించి మళ్లీ అచ్చు వేసింది. ఈసారి మేలిమిలో గాని, తూకంలో గాని వీసమెత్తు తగ్గించలేదు. ఈ మార్పుకు కారణం అడిగితే పాఠ్యపుస్తకాలు ఒకే పేరు చెబుతాయి: ఐజాక్ న్యూటన్. అంత మేధావి వచ్చి కూర్చున్నాక దొంగలకు చోటెక్కడిది అని. న్యూటన్ గొప్పతనాన్ని తగ్గించాల్సిన పని లేదు గాని, ఆయన టంకశాలలో అడుగుపెట్టింది 1696లో. అసలు మలుపు అంతకు 30 ఏళ్ల ముందే జరిగింది. టంకశాల ఖర్చు ఎవరు భరించాలి, దాని లాభం ఎవరికి ముట్టాలి అన్న ప్రశ్నకు ఒక చట్టం కొత్త జవాబు చెప్పింది. నాణెం నిలకడకు ఆ జవాబే పునాది అన్నది ఇక్కడ నా వాదన.

పాత పద్ధతి ఏమిటో ముందు చూడాలి. రాజు సొంత వెండితో నాణేలు వేయించేవాడు కాదు. వర్తకుడో, కంసాలో తన వెండి, బంగారం టంకశాలకు తెస్తే అక్కడ అచ్చు వేసి ఇచ్చేవారు. ఇచ్చేముందు రెండు కోతలు పడేవి. ఒకటి పనివాళ్ల కూలి, బొగ్గు, తరుగు కింద. రెండోది రాజముద్ర వేసినందుకు రాజుగారి వాటా. 17వ శతాబ్దం మొదట్లో ఒక ట్రాయ్ పౌను వెండికి, అంటే మన లెక్కలో సరిగ్గా 32 తులాలకు, 62 షిల్లింగులు అచ్చు వేసేవారు. సరుకు తెచ్చినవాడి చేతికి దాదాపు 60 వచ్చేవి. మిగతా రెండింటిలోనే కూలి, జీతాలు, రాజుగారి లాభం అన్నీ సర్దుకోవాలి. చూడడానికి చిన్న కోతే. కాని అందులో ఒక ఆకర్షణ దాగి ఉంది. రాజుకు వచ్చేది అచ్చు పడిన పౌనుల లెక్కన వస్తుంది కాబట్టి, ఎక్కువ సరుకు టంకశాలకు వచ్చేలా చేస్తే లాభం. ఆ లాభం ఇంకా పెరగాలంటే మేలిమి తగ్గించి కోత పెంచాలి. హెన్రీ చేసింది అదే. అతను కొత్త నేరమేదీ కనిపెట్టలేదు, ఉన్న ఏర్పాటును చివరంటా లాగాడంతే. ఇంకో ప్రమాదం మరింత మోటుది. వర్తకుల సరుకు అచ్చు పడేదాకా రాజుగారి కోటలోనే ఉంటుంది. 1640 జూలైలో స్కాట్లండుతో యుద్ధానికి డబ్బు కరవై మొదటి చార్లెస్ టవర్‌లో ఉన్న వర్తకుల సొత్తును, సుమారు 1,30,000 పౌండ్ల విలువైనదాన్ని, బయటకు పోనివ్వకుండా పట్టుకున్నాడు. గోల పెద్దదయ్యాక 40,000 పౌండ్లు అప్పుగా ఇస్తామని వర్తకులు ఒప్పుకుంటేనే వదిలాడు. రాజు సొత్తు మింగలేదు నిజమే. కాని ఆ తర్వాత ఎవరైనా వెండి కడ్డీ తీసుకుని టవర్ గుమ్మం ఎక్కేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించకుండా ఉంటారా?

ఇక 1666కు వద్దాం. ముందు ఏడాది లండన్‌ను ప్లేగు ఊడ్చేసింది, సెప్టెంబరులో నగరం తగలబడింది, డచ్చివాళ్లతో యుద్ధం నడుస్తోంది. అటువంటి సమయంలో రెండో చార్లెస్ పార్లమెంటు నాణేల ముద్రణను ప్రోత్సహించే చట్టం ఒకటి చేసింది. అది డిసెంబరు 20 నుంచి అమల్లోకి వచ్చింది. మరో అయిదు రోజులకు న్యూటన్‌కు 24 ఏళ్లు నిండుతాయి. చట్టం సారం ఇది: ఎవరైనా సరే, స్వదేశీయుడు గాని విదేశీయుడు గాని, బంగారమో వెండో టంకశాలకు తెస్తే అంతే బరువు, అంతే మేలిమి గల నాణేలు తిరిగి ఇవ్వాలి. కూలి లేదు, తరుగు లేదు, రాజుగారి వాటా లేదు. ముందు తెచ్చినవాడికి ముందు ఇవ్వాలి. పలుకుబడి చూసి వరస తప్పించకూడదు. మరి ఖర్చు మాట? దిగుమతయ్యే ద్రాక్షసారా, బీరు, సైడర్, వెనిగర్‌ల మీద టన్నుకు 10 షిల్లింగులు, బ్రాందీ వంటి ఘాటు సరుకు మీద 20 షిల్లింగులు సుంకం వేశారు. ఈ టన్ను బరువు కొలత కాదు, దాదాపు 950 లీటర్లు పట్టే పెద్ద పీపా. ఆ సుంకం రేవులో వసూలై ఖజానాలో వేరే పద్దు కింద జమ కావాలి. టంకశాలకు తప్ప మరి దేనికీ వాడకూడదు. అందులోనూ ఉద్యోగుల జీతాలకు, కట్టడాల మరమ్మతులకు కలిపి ఏడాదికి 3,000 పౌండ్లు దాటకూడదు. చట్టం గడువు అయిదేళ్లే. గడువు తీరినప్పుడల్లా పార్లమెంటు పొడిగించాలి. పొడిగిస్తూ పోయింది కూడా.

ఇందులో అసలు కీలకం ఉచిత ముద్రణ అని చాలామంది అంటారు. నాకు వేరే పద్దు ముఖ్యమనిపిస్తుంది. ఉచితం అనేది వర్తకులకు చూపిన ఎర. వేరే పద్దు రాజుకు వేసిన కట్టు. టంకశాల ఖర్చు సారా సుంకం నుంచి వస్తున్నప్పుడు నాణెంలో వెండి తగ్గిస్తే రాజుకు మిగిలేది ఏమీ లేదు, ఎందుకంటే తెచ్చినవాడి మేలిమి తెచ్చినవాడికే పోవాలి. పార్లమెంటు నాణేల కల్తీని నేరమని నిషేధించే ప్రయత్నమే చేయలేదు. దానివల్ల వచ్చే లాభాన్ని తీసేసింది. నిషేధాలు రాజుల దగ్గర ఎంతకాలం నిలిచాయో ఆ తరానికి బాగా తెలుసు.

ఒక వెండి కడ్డీ వెంట లోపలికి నడిస్తే పాలన ఎలా ఉండేదో తెలుస్తుంది. గుమ్మంలోనే తూకం. తూకందారు చెప్పిన బరువును వార్డెన్ గుమాస్తా, మాస్టర్ గుమాస్తా, కంప్ట్రోలర్ గుమాస్తా ముగ్గురూ ఎవరి పుస్తకంలో వాళ్లు రాసుకుంటారు. వార్డెన్ అసలు రాజు తరఫు కాపలాదారు. మాస్టర్ గుత్తేదారు, ఇంత బరువుకు ఇంత అని ఒప్పందం రాసిచ్చి పని చేయించేవాడు. కంప్ట్రోలర్ ఈ ఇద్దరి లెక్కలకూ పోటీ లెక్క రాసేవాడు. తర్వాత పరీక్షకుడు కడ్డీ నుంచి చిన్న తునక కోసి, సీసంతో కలిపి ఎముకల బూడిదతో చేసిన మూసలో పెట్టి పుటం వేస్తాడు. సీసం, మట్టు లోహాలు మూసలోకి ఇంకిపోయి మేలిమి గుండు మిగులుతుంది. ముందు వెనక తూకాల తేడాయే ఆ కడ్డీ వన్నె. అక్కడి నుంచి కొలిమికి, పలకలు సాగదీసే మరకు, బిళ్లలు కోసే కత్తెరకు. మరలు గుర్రాలతో తిరిగేవి. నాణెం అంచుకు గాట్లు, అక్షరాలు వేసే యంత్రం మాత్రం గుట్టుగా ఉంచేవారు, అంచు గొరిగే దొంగలకు అదే విరుగుడు కాబట్టి. ఈ పనంతా చేసే ముద్రణకారుల సంఘంవాళ్లు మాస్టర్ జీతగాళ్లు కారు, తరతరాలుగా హక్కు నిలుపుకున్న స్వతంత్ర గుత్తేదార్లు. న్యూటన్ వచ్చాక గడియారం పట్టుకుని కూర్చున్నట్టు లెక్క తీశాడు: రెండు మరలు, 12 గుర్రాలు, రెండు అచ్చుయంత్రాలు, వాటిని లాగడానికి 14 మంది కూలీలు, తక్కిన పనివాళ్లు కొందరు ఉంటే రోజుకు వెయ్యి పౌనుల వెండి, అంటే 3,000 పౌండ్ల పైచిలుకు డబ్బు అచ్చు వేయవచ్చునని.

ఇక్కడే మొదటి ఆక్షేపణ. రాజుకు లాభం లేకపోతే సరే, మాస్టర్‌కు ఉంది కదా? నిజమే. న్యూటన్ 1699 చివర మాస్టర్ అయ్యాక ఆయన జీతం ఏడాదికి 500 పౌండ్లు, దానిపైన అచ్చు పడిన ప్రతి పౌనుకూ ఇంత అని వేరే ముట్టేది. ఆయనకు ముందున్న థామస్ నీల్ అయితే లాటరీలు, ఇళ్ల స్థలాల వ్యాపారాల్లో మునిగి తేలుతూ టంకశాల పని కిందివాళ్లకు వదిలేశాడు. ఉద్యోగం ఇప్పించిన మిత్రుడు మాంటేగు కూడా న్యూటన్‌కు రాసిన ఉత్తరంలో, వార్డెన్ పదవికి రాబడి బాగానే ఉంటుంది, పని పెద్దగా ఉండదు అన్న ధోరణిలోనే ఊరించాడు. అంటే చట్టం మనుషుల్ని మార్చలేదు. కాని మాస్టర్ లాభం బరువును బట్టి పెరుగుతుంది గాని మేలిమి తగ్గిస్తే పెరగదు. తగ్గిస్తే పట్టుబడే దారి ఒకటి అప్పటికే శతాబ్దాలుగా ఉంది. ప్రతి విడత ముద్రణ నుంచీ కొన్ని నాణేలు తీసి పిక్స్ అనే పెట్టెలో వేసేవారు. దానికి మూడు తాళాలు, తాళంచెవులు పైన చెప్పిన ముగ్గురి దగ్గరా ఒక్కొక్కటి. కొన్నాళ్లకొకసారి కంసాలుల సంఘం నుంచి ఎంపికైన జ్యూరీ ఆ పెట్టె తెరిపించి, ప్రమాణ పలకతో పోల్చి పరీక్షించేది. 1710లో ఈ జ్యూరీ న్యూటన్ బంగారం వన్నె తక్కువని తేల్చింది. లోకమంతా నెత్తిన పెట్టుకున్న పెద్దమనిషిని కంసాలులు తప్పు పట్టారు! ఆయన మండిపడి, తప్పు నాణెంలో లేదు, 1707లో చేసిన ప్రమాణ పలకే ఉండవలసినదానికన్నా మేలిమిగా ఉంది అని పుటాలు వేసి మరీ వాదించాడు. వాదన నెగ్గింది, ఆ పలకను పక్కనపెట్టి పాతదాన్నే వాడారు. ఎవరిది ఒప్పు అన్నది అటుంచితే, తగవు నడిచిన స్థాయి చూడండి. హెన్రీ, అతని కొడుకు కాలాల్లో నాణెంలో మూడు వంతుల వెండి మాయమైతే అడిగే నాథుడు లేడు. ఇప్పుడు వెంట్రుకవాసి తేడాకు టంకశాల అధిపతి సంజాయిషీ చెప్పుకుంటున్నాడు.

చట్టం పనిచేసిందనడానికి నాకు కనిపించే బలమైన సాక్ష్యం, దాన్ని ఆమోదించిన రాజే. రెండో చార్లెస్ నీతిమంతుడని ఎవరూ అనరు. 1672 జనవరిలో డబ్బు చాలక ఖజానా చెల్లింపులు నిలిపేసి, తనకు అప్పిచ్చిన కంసాలి బ్యాంకర్లను దివాలా అంచుకు నెట్టాడు. మాట తప్పడానికి వెనకాడని ఆ మనిషి నాణెం జోలికి మాత్రం పోలేదు. పోయినా చేతికి వచ్చేదేమీ లేదు మరి. రెండో సాక్ష్యం 1696. అప్పటికి సుత్తితో కొట్టి చేసిన పాత నాణేలు అంచులు గొరిగి గొరిగి సగం బరువుకు వచ్చాయి. కొత్త నాణెంలో వెండిని అయిదోవంతు దాకా తగ్గిద్దామని ఖజానా కార్యదర్శి విలియం లౌండెస్ సలహా ఇచ్చాడు. తత్వవేత్త జాన్ లాక్ కాదన్నాడు, పార్లమెంటు లాక్ మాట విన్నది. బ్రిస్టల్, చెస్టర్, ఎక్సెటర్, నారిచ్, యార్క్‌లలో తాత్కాలిక టంకశాలలు తెరిచి, దాదాపు 70 లక్షల పౌండ్ల వెండి పాత తూకానికే అచ్చు వేశారు. చెస్టర్ లెక్కలు చూసినవాడు తోకచుక్క హేలీయే. ఇందులో ప్రభుత్వానికి పడిన నష్టం 27 లక్షల పౌండ్ల దాకా ఉంది. దాన్ని పూడ్చడానికి ఇళ్ల కిటికీల మీద పన్ను వేశారు. సరిగ్గా ఆ ఏళ్లలోనే, అదే యుద్ధంలో అవతలి పక్షాన ఉన్న పద్నాలుగో లూయీ ఫ్రాన్సు నాణేల విలువను పదేపదే పెంచుతూ దించుతూ, పిలిపించి మళ్లీ ముద్రిస్తూ యుద్ధఖర్చు రాబట్టుకుంటున్నాడు. ఇంగ్లండులో జనం బాధ పడలేదని కాదు. పాత నాణేలు చెల్లకుండా పోయిన 1696 వేసవిలో చేతిలో చిల్లర లేక కూలీనాలీ జనమే ఎక్కువ నలిగిపోయారు. ఆ మేరకు లౌండెస్ మాటే తెలివైనదేమో. నేను చెప్పేది ఇంతే: నష్టం నాణెంలో దాక్కోకుండా పన్నుగా బయటికి వచ్చింది, పన్నును పార్లమెంటులో ఓటేసి ఒప్పుకోవలసి వచ్చింది.

ఈ చట్టాన్ని తిట్టినవాళ్లూ తక్కువేం కాదు. 1691లోనే డడ్లీ నార్త్, ఉచిత ముద్రణ అంటే జనం సొమ్ముతో కంసాలులను, ముద్రణకారులను మేపడమేనని, ఒకరు కరిగిస్తుంటే ఒకరు అచ్చు వేస్తుంటారని ఎగతాళి చేశాడు. ఆడమ్ స్మిత్ 1776లో ఇంకొంచెం మర్యాదగా అదే మాట అన్నాడు. పార్లమెంటు టంకశాలకు ఏడాదికి 14,000 పౌండ్లు కేటాయిస్తోందని, మామూలు రోజుల్లో నిజంగా అయ్యే ఖర్చు అందులో సగానికి మించదని, కొంచెం రుసుము పెడితే నాణేలు కరిగించేవాళ్లు తగ్గుతారని ఆయన లెక్క. 1899లో అమెరికన్ అలెగ్జాండర్ డెల్ మార్ అయితే ఈ చట్టాన్ని ఏకంగా నేరంగా చిత్రించి, డబ్బు మీద ఉండవలసిన రాజ్యాధికారాన్ని వర్తకులకు ధారపోశారని ఓ పుస్తకమే రాశాడు. బార్బరా విలియర్స్ అనే దొరసానికి అంతకుముందు వెండి ముద్రణ మీద దక్కిన వాటాకు బదులు చట్టంలోనే ఏటా 600 పౌండ్లు రాసివ్వడం అతని కథకు మంచి మసాలా. ఆమె రాజుగారి ప్రియురాలా, ఆ ఇంటి పేరున్న మరొకరా అన్న తగవు మనకు అక్కర్లేదు. ముద్రణ ఆదాయం ఇష్టులకు పంచిపెట్టే పెరటి చెట్టుగా ఉండేదనడానికి ఆ వాటాయే రుజువు. ఆ లెక్కన డెల్ మార్ చూపిన సాక్ష్యం నా వాదనకే పనికొస్తుంది. స్మిత్ మాట మాత్రం కొట్టిపారేయలేం. చిన్న రుసుము ఉంటే ఖర్చు తగ్గేది, కరిగింపు తగ్గేది. అయితే స్మిత్ రాసింది, రాజు నాణెంలో చెయ్యి పెట్టడని అందరూ మర్చిపోయేంత నమ్మకం కుదిరిన తర్వాత. 1640 గుర్తున్న తరానికి ఆ నమ్మకమే కొనుక్కోవలసిన సరుకు.

ఉచితంగా అచ్చు వేయించుకున్న వెండి దేశంలో నిలిచిందా అంటే నిలవలేదు. దీని దారి మన తీరాలకే వస్తుంది. బంగారంతో పోలిస్తే వెండికి ఇంగ్లండు టంకశాల కట్టిన ధర తక్కువ. 1717 నివేదికలో న్యూటనే రాశాడు, యూరప్‌లో ఒక పౌను బంగారానికి 15 పౌనుల వెండి వస్తుంటే ఇండియాలో 12, చైనా, జపాన్‌లలో 9, 10 మాత్రమేనని. ఇక ఈస్టిండియా కంపెనీ ఓడలు వెండి పెట్టెలతో బయల్దేరకుండా ఎలా ఉంటాయి? బట్టలు, మిరియాలు కొనడానికి వచ్చిన ఆ వెండిలో కొంత మన దగ్గర మళ్లీ అచ్చు పడింది. మద్రాసులో టంకశాల నడుపుకొనే హక్కు కంపెనీకి 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడి దానంతోనే దక్కింది. వెండి పారిపోవడం చట్టం లోపమే అనేవాళ్లకు నా జవాబు, తప్పు ధరది, ఖర్చు ఏర్పాటుది కాదు. 1601 నాటి 62 షిల్లింగుల లెక్కను రెండు వందల ఏళ్లు కదిలించకపోవడం వల్ల వచ్చిన చిక్కు అది. 1816లో పౌను వెండికి 66 షిల్లింగులు వేసి, పై నాలుగూ ప్రభుత్వం ఉంచుకునేలా మార్చాకే వెండి నాణేలు జేబుల్లో నిలిచాయి.

నా వాదనకు అన్నిటికన్నా గట్టి దెబ్బ లండన్ నుంచి రాదు, ఆగ్రా నుంచి వస్తుంది. మొగలుల టంకశాలలు కూడా ఎవరు సరుకు తెచ్చినా అచ్చు వేసేవి, కాని ఉచితంగా కాదు. పనివాళ్ల కూలి, పాదుషా వాటా కలిపి నూటికి అయిదారు దాకా పట్టేవారు. అయినా మొగలు రూపాయి 150 ఏళ్లపాటు తూకంలో, మేలిమిలో ఇంగ్లీషు షిల్లింగును తలదన్నేలా నిలిచింది. మరి రాజు వాటా తీసుకుంటే నాణెం చెడుతుందన్న మాట ఏమైంది? రెండు సంగతులు గమనించాలి. అక్కడ కోత బహిరంగంగా, ముందే తెలిసేది, మేలిమిలో దాగేది కాదు. ఆపైన భారం మరో రూపంలో జనం మీద పడేది. ఈ ఏడాది ముద్ర ఉన్న సిక్కా రూపాయికి పూర్తి విలువ, ఏడాది దాటితే వట్టం కట్టాలి. అంటే బరువు తగ్గకపోయినా విలువ తగ్గేది, మళ్లీ టంకశాలకు తేవలసి వచ్చేది. కేంద్రం గట్టిగా ఉన్నన్నాళ్లు ఆ లాభం పాదుషాకు చాలింది. 18వ శతాబ్దంలో పట్టు సడలి టంకశాలలు గుత్తలకు పోయాక, గుత్తేదారుకు కావలసింది గడువులోగా పెట్టుబడి రాబట్టుకోవడం. దక్కనులో ఫలితం మనవాళ్లకు తెలిసిందే. నారాయణపేట, గద్వాల వంటి చోట్ల కూడా టంకశాలలు వెలిసి, ఊరికో రూపాయి, రూపాయికో వట్టం అయి, షరాబులు బాగుపడ్డారు. నిజాం దివాను సాలార్‌జంగ్ వచ్చి ముద్రణను హైదరాబాదుకు చేర్చి హాలి సిక్కాను నిలబెట్టేదాకా ఆ గందరగోళం తీరలేదు. కాబట్టి పాదుషాలు నన్ను పూర్తిగా కాదనరు. బలమైన రాజు ఉంటే వాటా తీసుకుంటూ కూడా నాణెం నిలుస్తుందంటారు. బలహీనుడు వస్తే ఏమవుతుందన్నది వాళ్ల మనవలు చూపించారు.

మళ్లీ ఇంగ్లండుకు వస్తే, అక్కడి చట్టం బంగారానికి, వెండికి మాత్రమే వర్తించింది. రాగి దాని పరిధిలో లేదు. రాగి నాణెం ముద్రణ పాత పద్ధతిలోనే, లోహం ధరకూ ముఖవిలువకూ మధ్య లాభం మిగుల్చుకునే బేరంగా నడిచింది, పట్టాలు ఇచ్చి బయటివారికి అప్పగించడమూ ఉండేది. ఐర్లండుకు 14 ఏళ్లలో 360 టన్నుల రాగి నాణేలు వేసే పట్టా 1722లో రాజు నుంచి పుట్టింది. అది మొదటి జార్జి ప్రియురాలు కెండల్ డచెస్ చేతికి వెళ్లి, ఆమె నుంచి 10,000 పౌండ్లకు విలియం వుడ్ అనే ఇనుప వర్తకుడికి చేరింది. ఇంగ్లండులో పౌను రాగికి 23 పెన్నీలు వేస్తుంటే వుడ్‌కు 30 వేసుకునే వీలిచ్చారు. డబ్లిన్‌లో జొనాథన్ స్విఫ్ట్ బట్టల కొట్టువాడి మారుపేరుతో ఉత్తరాలు అచ్చు వేసి ఆ చిల్లరను ముట్టుకోవద్దని దేశాన్ని రెచ్చగొట్టాడు. ప్రభుత్వం వుడ్ నాణేలను టవర్‌కు తెప్పించి న్యూటన్ చేత పరీక్ష చేయించింది. 1724లో వచ్చిన నివేదిక ప్రకారం రాగి మంచిదే, తూకం పట్టాలో రాసినట్టే ఉంది. ఐర్లండు జనం ఆ నివేదికను లెక్కచేయలేదు. 1725లో పట్టా రద్దయింది. నష్టపరిహారంగా వుడ్‌కు ఏటా 3,000 పౌండ్లు ఎనిమిదేళ్లపాటు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. 1666 చట్టం టవర్ టంకశాల జీతాలకు, మరమ్మతులకు కలిపి పెట్టిన గరిష్ఠ మొత్తమూ అంతే.